నాన్న గొంతు పోయిన వానాకాలం

ఉక్కునగరంలో మా అబ్బాయి క్వార్టరు ముందుకి రోజూ పొద్దున్నే చెత్తబండి వస్తుంది. దాని నెత్తిన ఒక స్పీకరు ఉంటుంది. తడిచెత్త వేరుగా, పొడిచెత్త వేరుగా ఇమ్మని అందులోంచి ఒక ఆడగొంతు చెబుతూ ఉంటుంది. ఎండలోనూ వానలోనూ ఆ గొంతు ఒక్కలాగే ఉంటుంది. దానికి జలుబు చేయదు, బొంగురుపోదు, మాట మధ్యలో దగ్గు రాదు. మొన్న నాకు గొంతునొప్పి పట్టి మాట పెగలడం లేదు. మిరియాల పాలగ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఆ బండి వంక చూస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి ఎక్కువైందనుకుని కోడలు మాత్ర తెచ్చి చేతిలో పెట్టింది. నొప్పికి కాదమ్మా అని చెబుదామంటే గొంతు లేదు.

మా నాన్న కూడా బండి మీద స్పీకరు పెట్టుకుని తిరిగినవాడే. వన్ టౌన్‌లో ఒక సినిమాహాలుకి ప్రచారం చెప్పేవాడు. రిక్షాకి రెండు పక్కలా పోస్టర్లు అంటించిన తడికలు, ముందొకటి వెనకొకటి గరాటుల్లాంటి స్పీకర్లు, సీటు కింద బ్యాటరీ. లోపల కాళ్ళు ముడుచుకుని, మైకు పెదాలకి ఆనించుకుని నాన్న కూర్చునేవాడు. 'నేడే' అన్న రెండక్షరాల మాటని వీధి ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా సాగదీసేవాడు. వెనకాల పిల్లల దండు. గులాబీరంగు, ఆకుపచ్చ, పసుప్పచ్చ కాగితాలు గాలిలోకి విసిరితే ఎగబడి ఏరుకునేవాళ్ళం. ఆ కాగితాల తడి సిరా వాసన ఆ రోజంతా అరచేతులకి అంటుకుని ఉండేది.

మా సందులో ఇంకా చాలా వాసనలుండేవి. పక్కనే హోల్‌సేలు కొట్లు కాబట్టి ఎండుమిరపకాయల ఘాటు, చింతపండు పులుపు, తడిసిన గోనెసంచుల ముతక వాసన. పోర్టు వైపునుంచి గాలి తిరిగితే బొగ్గు, చేపలు. ఆరేసిన తెల్లబట్టల మీద ఇనుపరాయి ధూళి ఎర్రగా, సన్నగా వాలేది. దాన్ని దులుపుతూ మా మామ్మ, "ఊరంతా మన బట్టల మీదే పడతంది" అని గొణుక్కునేది. మామ్మ అంటే నాన్నని కన్నతల్లి. విజయనగరం అవతలి పల్లెనుంచి వచ్చి కొడుకు దగ్గర ఉండిపోయింది.

నాన్నకి ఇంట్లోకి వచ్చాక కూడా మైకు చేతిలో ఉన్నట్టే ఉండేది. చెప్పులు విడుస్తూనే, "నేడే! మన వంటింట్లో! గోంగూర ఎండురొయ్యలు! పీట మీదకి వొచ్చి ఆనందించండి!" అని ప్రకటించేవాడు. సందు సందంతా మేము ఏం తింటున్నామో తెలిసిపోయేది. అమ్మ పైటచెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది, అంతే. ఆమెని ఎవరేం అడిగినా జవాబు నాన్నదే. నాన్న ప్రచారం రిక్షా తొక్కే మావయ్య నాన్నని బావా అనీ, అమ్మని అప్పా అనీ పిలిచేవాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. "అప్పా, ఒంట్లో బాగుందేటి?" అని అతను అడిగితే, "దానికేటి, బెమ్మాండంగా ఉంది" అని నాన్నే చెప్పేసేవాడు. అమ్మకి ఆ రోజు జ్వరం అని నాకు తెలుసు. అమ్మ గొంతు అప్పట్లో నాకు చెవిలో చెప్పే మాటలుగానే తెలుసు. "అన్నం తినీ", "జడ ఇప్పకు", "నాన్న పడుకున్నాడు, గోల సేయకు".

దసరాకి ఒక కొత్త సినిమా వచ్చింది. వానలు ముందే పట్టుకున్నాయి. మొదటిరోజే నీళ్ళు దిగి స్పీకరు పెట్టె చచ్చిపోయింది. ప్రచారం ఆపడానికి హాలు మేనేజరు ఒప్పుకోలేదు. పండగ జనం పోతే మళ్ళీ రారన్నాడు. నాన్న ఒక రేకు గరాటు సంపాదించి నోటికి పెట్టుకుని, తడుస్తూ, వన్ టౌన్ నుంచి కంచరపాలెం దాకా అరుచుకుంటూ వెళ్ళాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

మూడోనాటి సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచాడు. నేనూ మామ్మా ఎప్పటిలాగే ప్రకటన కోసం చూశాం. నోరు తెరిచాడు. గాలి వచ్చింది. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ గాలే. మమ్మల్ని ఆట పట్టిస్తున్నాడనుకుని నేను చప్పట్లు కొట్టాను. అమ్మ మాత్రం నాన్న కళ్ళలోకి చూసి, పొయ్యి మీద గిన్నె దించేసి లేచి వచ్చింది.

ఆ రాత్రినుంచి మా ఇల్లు వైద్యశాల అయిపోయింది. మామ్మ మిరియాలు, శొంఠి దంచి, తాటిబెల్లం వేసి కషాయం కాచింది. పసుపులో సున్నం కలిపి, అది ఎర్రబడ్డాక వెచ్చచేసి నాన్న మెడచుట్టూ పట్టు వేసింది. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టి, "ఉమ్మీసినావంటే నా మీదొట్టే" అంది. పొద్దున్నే పక్కవాటాలో ఉండే నర్సమ్మ వచ్చింది. ఆమె ఆసుపత్రిలో చేసి మానుకున్న మనిషి. ఆదివారాలు తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. నాన్న మెడ చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఇదేటి మామ్మగారూ, మనిషికి పారాణి పూసినట్టు! ఉప్పునీళ్ళు పుక్కిలించమనండి. ఆవిరి పట్టించండి."

"ఉప్పునీళ్ళకి తగ్గితే మన సముద్రంలో సేపలన్నీ పాటలు పాడాల కదమ్మా" అంది మామ్మ.

ఇద్దరూ రాజీకొచ్చారు. పొద్దున నర్సమ్మ వైద్యం, సాయంత్రం మామ్మ వైద్యం. మధ్యాహ్నం నాన్నకి సెలవు. ఇల్లంతా నీలగిరి తైలం, శొంఠి, కాలిన తాటిబెల్లం కలిసిన వాసన. ఆ వాసనకి మత్తు వచ్చేది నాకు. బయట వాన, లోపల దుప్పటి ముసుగులో ఆవిరి పడుతున్న నాన్న, ఆ దుప్పటి అంచులోంచి మేఘంలా బయటికొచ్చే పొగ. నేనూ దూరేదాన్ని ఆ ముసుగులోకి. లోపల నాన్న ముఖం చెమటతో మెరుస్తూ, చాలా దగ్గరగా ఉండేది. అంత దగ్గరగా, అంతసేపు ఆయన ముఖం నేను అంతకుముందు చూడలేదు.

అప్పటికీ గొంతు రాకపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు అద్దం పెట్టి లోపలికి చూసి, నోరు పూర్తిగా కట్టేసుకోమన్నాడట. గుసగుస కూడా కూడదట. అది ఇంకా చెరుపట. తను చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడినా, ఆ తర్వాత ఎప్పటికీ మాట్లాడనక్కర్లేదని చెప్పాడట. ఈ కబురు రిక్షా మావయ్య మాకు మోసుకొచ్చాడు. నాన్న పక్కన నిలబడి తలొంచుకుని విన్నాడు. తన సంగతి ఇంకొకరు చెబుతుంటే నాన్న వినడం నేను చూడడం అదే మొదలు.

హాలువాళ్ళు స్పీకరు బాగుచేయించి మైకు ఇంకొకతనికి ఇచ్చారు. నాన్నని ఊరడించడానికి మావయ్య రోజూ వచ్చి అతన్ని తిట్టేవాడు.

"కంగారు పడకు బావా. ఆడు సెప్తంటే సావు కబురు సెప్పినట్టుంది. జనాలు సినిమాకి కాదు, పరామర్శకి వొత్తన్నట్టు వొత్తన్నారు."

నాన్న నవ్వేవాడు. మావయ్య వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు ఆ కొత్త గొంతు మా సందు మొగలోకే వచ్చింది. 'నేడే' అని ముక్తసరిగా విరిచేశాడతను. మంచం మీద నాన్న పెదాలు కదిలాయి. అమ్మ పరిగెత్తి వెళ్ళి నోటి మీద చెయ్యి పెట్టింది. బండి దూరమయ్యేదాకా తీయలేదు.

నాకు ఆ రోజుల్లో నాన్న మీద జాలికన్నా ఆయన తినే తాటిబెల్లం మీద ఆశ ఎక్కువగా ఉండేది. పచారీ కొట్టునుంచి తెచ్చిన అతిమధురం పుల్లలు కూడా డబ్బాలో ఉండేవి. ఒకనాడు బడికి వెళ్ళేముందు గొంతు పట్టుకుని, "నాకూ మాట రాట్లేదు" అని మూలిగాను. మాట రాకపోతే ఆ మాట ఎలా అన్నానో ఎవరూ అడగలేదు. మామ్మ కళ్ళు చిట్లించి నన్ను కాసేపు చూసింది.

"అలగా! పాపం గుంటకి. రా తల్లీ."

తాటిబెల్లం కోసం నోరు తెరిచాను. కరక్కాయ ముక్క పడింది. మెడకి పసుపూ సున్నం పట్టు పడింది. "బడికెల్లు. మాటాడకపోతే సదువు బాగా వొత్తది" అని తోసింది. ఎర్రటి మెడతో, బుగ్గలో చేదుతో బెంచీ మీద కూర్చున్నాను. పక్కపిల్ల, "పెళ్ళికూతురువా ఏటే?" అంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మంచం మీద నాన్న నన్నూ, నా మెడనీ చూసి నవ్వడం మొదలుపెట్టాడు. చప్పుడు లేని నవ్వు. భుజాలు ఊగుతున్నాయి, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. గోనెగుడ్డ కింద దాచుకున్న తాటిబెల్లం ముక్క తీసి నా నోట్లో పెట్టాడు.

ఏదైనా కావాలంటే స్టీలుగ్లాసు మీద చెంచాతో కొట్టేవాడు. మొదటిసారి ఆ చప్పుడు విని మామ్మ ఐసుఫ్రూటు బండి వచ్చిందనుకుని, వానలో ఎవడు కొంటాడని తిట్టింది. తర్వాత అలవాటైపోయింది. వాన తెరిపి ఇస్తే నా చెయ్యి పట్టుకుని ఓడలు కనబడే గట్టుకి తీసుకెళ్ళేవాడు. అంతకుముందు ఎప్పుడో ఒకసారి తీసుకెళ్ళాడు. అప్పుడు ఓడ గురించి, దేశాల గురించి, లైట్‌హౌసు గురించి ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. ఆయన నోరు చూశానే తప్ప ఓడ చూసిన గుర్తు లేదు. ఇప్పుడు ఊరికే వేలు చూపించేవాడు. ఆ వేలు వెంట నేను చూసేదాన్ని. తుప్పుపట్టిన ఓడ పక్కనుంచి గోళీకాయంత మనిషి తాడునిచ్చెన పట్టుకుని దిగుతున్నాడు. నీళ్ళమీద నూనె తెట్టె ఇంద్రధనుస్సులా విరిగిపోతోంది. కొండ ముక్కుమీదినుంచి లైట్‌హౌసు వెలుగు తిరిగి వచ్చి, మా ఇద్దరి మీదుగా దాటిపోయి, మళ్ళీ వస్తోంది. మేమిద్దరం కలలో కూర్చున్నట్టు కూర్చునేవాళ్ళం. ఓడ కూత వేస్తే ఆ కూత ముందు నా పొట్టలో వినబడేది, తర్వాతే చెవికి.

ఒక మధ్యాహ్నం ఎండ విరగగాసింది. ఇన్నాళ్ళ ముసురు తర్వాత ఎండ కనబడేసరికి సందంతా ఆరబోతలే. కొట్లవాళ్ళు గోనెలు విప్పి ఎండుమిరపకాయలు రోడ్డు పొడుగునా పోశారు. నర్సమ్మ పరుపులు గోడమీద వేసింది. మామ్మ చల్లమిరపకాయలు చేటలో పెట్టింది. అన్నాలు తిని అందరూ వాలిపోయారు. అమ్మ డాబా మీద బట్టలు ఆరేస్తోంది. నేను క్లిప్పులు అందిస్తున్నాను. కొండవెనకనుంచి చల్లగాలి ఒకటి వచ్చి అమ్మ చీరకుచ్చెళ్ళు కదిపింది. అమ్మ తలెత్తి, ముక్కుతో గాలి పీల్చింది. ఆకాశం ఇంకా నీలంగానే ఉంది. అమ్మ పిట్టగోడ దగ్గరికి నడిచి, రెండు చేతులూ నోటికి దోనెలా పెట్టుకుంది.

"వానొత్తందో...! వానొత్తందహో...!"

నా చేతిలోని క్లిప్పులు కింద పడ్డాయి. అది మా అమ్మ గొంతు అని నమ్మడానికి నాకు కాసేపు పట్టింది. సన్నగా మొదలై, గంటలా మోగి, సందు చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి అవతలి వీధిలోకి వెళ్ళిపోయింది. ఇళ్ళ తలుపులు దబదబ తెరుచుకున్నాయి. కూలీలు పారలతో పరిగెత్తారు. "ఎత్తండెత్తండి!" అని కేకలు. చివరి గోనె అరుగు ఎక్కిందో లేదో, కొండమీదినుంచి నల్లగా దిగి, వాన కొట్టింది.

మేము తడిసిపోయి కిందికి వచ్చేసరికి నాన్న నడవాలో నిలబడి ఉన్నాడు. లుంగీ సరిగా లేదు. కళ్ళు ఇంతింత చేసుకుని అమ్మనే చూస్తున్నాడు. అమ్మ సిగ్గుపడి, అత్తగారి వైపు చూసి తలొంచుకుంది. మామ్మ చల్లమిరపకాయల చేట ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది.

"తప్పైపోనాది అత్తా. నోరాగనేదు."

మామ్మ మిరపకాయలు ఏరుతున్నట్టు నటించింది. "పెళ్ళైన కొత్తలో నానే సెప్పినాను దీనికి. కోడలి గొంతు గుమ్మం దాటకూడదని" అంది, ఎవరితోనో అన్నట్టు. "దాటబట్టి కదా ఇయ్యాల ఈదిలో మిరపకాయలు మిగిలినాయి. దాటనీ."

నాన్న గ్లాసు తీసుకుని చెంచాతో కొట్టాడు. అమ్మ చూసింది. నోటి దగ్గర చేతులు దోనెలా పెట్టి, కనుబొమలెగరేశాడు. ఎక్కడిది ఇది, అని.

ఆ సాయంత్రం కరెంటు లేదు. లాంతరు చుట్టూ కూర్చున్నాం. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పింది. ఆమె పుట్టింటివాళ్ళది భీమిలి దగ్గర ఉప్పు పండే ఊరు. తండ్రి ఉప్పుమళ్ళలో పనిచేసేవాడు. ఎండాకాలంలో మళ్ళలో ఉప్పు పోగులు పోసి ఉన్నప్పుడు అకాలవాన వస్తే అంతా కరిగిపోతుంది. అందుకని గట్టుమీద ఒక చిన్నపిల్లని నిలబెట్టేవారట. గాలి మారితే కేకవేయాలి. ఆ కేకకి మళ్ళలో వాళ్ళంతా తాటాకులతో పరిగెత్తుకొచ్చి పోగులు కప్పాలి. ఆ పిల్ల మా అమ్మ.

"మావోలే గాదు, పక్కూరోళ్ళు కూడా నా కేకకే కప్పీసీవోరు. ఎన్నెల రాత్తిరి ఆ పోగుల్ని సూత్తే, పడుకున్న ఆవుల్లాగుండీవి. తెల్లగా. మా అయ్యేమో, మాటాడకే, లేసిపోతాయి అనీవోడు. నిజమే అనుకుని నాను మునేళ్ళ మీద నడిసీదాన్ని."

అమ్మ అన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం మాకు తెలీదు. లాంతరు వెలుగులో ఆమె చేతులు చేటలో ఆగిపోయి ఉన్నాయి. నాన్న మోకాళ్ళు కౌగిలించుకుని వింటున్నాడు, ఎనిమిదేళ్ళ పిల్లాడిలా. ఊళ్ళో ఎంతమందికి వినిపించినా, ఇంట్లో ఉన్న ఈ గొంతుని తను వినలేదని ఆయనకి ఆ సాయంత్రమే తెలిసిందనుకుంటాను. ఆ తర్వాత వరసగా సాయంత్రాలన్నీ అమ్మవే. ఉప్పుకొంగల కథలు, పెళ్ళికి ముందు పోగొట్టుకున్న వెండిపట్టీ కథ, సముద్రంలో ఏనుగంత చేప కొట్టుకొచ్చిన కథ. మామ్మ కూడా ఊ కొట్టడం మొదలుపెట్టింది. కషాయం తాగించడం మరిచిపోయి నర్సమ్మ చేత చీవాట్లు తిన్నాం. చివరికి నర్సమ్మ కూడా తన పీట తెచ్చుకుని కూర్చునేది.

వానలు వెనకపట్టు పట్టాక డాక్టరు మళ్ళీ చూసి, వాపు తీసిందనీ, మెల్లగా ఒక మాట పలికి చూడమనీ చెప్పాడట. నాన్న అక్కడ పలకలేదు. ఇంటికొచ్చాడు. మావయ్య రిక్షా ఆపి లోపలికొచ్చాడు. నర్సమ్మ వచ్చింది. మామ్మ మిరియాల పాలు ఇచ్చింది. నాన్న తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు తడుముకున్నాడు. ముఖం తెల్లబోయి ఉంది. రాకపోతే ఏమవుతుందో ఇంట్లో ఎవరమూ నోరు విప్పి అనుకోలేదు, కానీ అందరికీ తెలుసు.

"అను బావా, నేడే అను" అన్నాడు మావయ్య.

నాన్న వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ వైపు చూశాడు. ఆమెని పేరుపెట్టి పిలిచాడు.

అప్పట్లో మా సందులో పెళ్ళాన్ని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఎప్పుడూ 'ఒలే' అనే ఆయన నోట నేను ఆ పేరు వినడం అదే మొదటిసారి. ఆ పేరు నేనిక్కడ రాయను. ఇసుకలో చెప్పులీడ్చినట్టున్న గొంతుతో పిలిచాడు. అమ్మ "ఆఁ" అంది, వంటింట్లోంచి మామూలుగా పలికినట్టే. అని, వెనక్కి తిరిగి పొయ్యి దగ్గర కూర్చుండిపోయింది. నర్సమ్మ కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టింది. మామ్మ మాత్రం, "సున్నం పట్టేనమ్మా పని సేసింది" అంది.

గొంతు వచ్చింది కానీ పాతది రాలేదు. పండగ సినిమా మారాక ఒకరోజు మైకు ఇచ్చి చూశారు. నేను రిక్షా వెనకాల పరిగెత్తాను. సందు మలుపు దగ్గర 'నేడే' మధ్యలో చీలిపోయింది. పిల్లలు గొల్లున నవ్వారు. నాన్న మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ చీలింది. మైకు మీట నొక్కేసి, దిగి, తడికలకి ఊడిపోతున్న పోస్టరు మూలని అరచేత్తో అదిమి అంటించాడు. మావయ్య ఖాళీ రిక్షాని తొక్కకుండా, హేండిలు పట్టుకుని ఆయన పక్కన నడిపించుకుంటూ హాలుదాకా వెళ్ళాడు. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు.

మేనేజరు చెడ్డవాడు కాదు. కొన్నాళ్ళ తర్వాత హాల్లోపల పని ఇచ్చాడు. చీకట్లో టార్చిలైటు వేసి జనాన్ని సీట్లలో కూర్చోబెట్టే పని. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు. "ఇలా రండమ్మా... మెల్లగా, మెట్టుంది... పిల్లని ఎత్తుకోండి" అని ఆయన ఆ బొంగురుగొంతుతో చెబుతుంటే, ముసలివాళ్ళు ఆ వెలుగు చుక్క వెనకాల నిశ్చింతగా నడిచేవాళ్ళు. ఆలస్యంగా వచ్చిన ఆడవాళ్ళు ఆయన కోసం తలుపు దగ్గర ఆగేవాళ్ళని మావయ్య గొప్పగా చెప్పుకునేవాడు. నేను కూడా వెళ్ళాను చాలాసార్లు. సినిమాలు ఒక్కటీ గుర్తులేవు. చీకటి, వేరుశనగల వాసన, చెవి పక్కన ఆ గొంతు, అంతే.

తర్వాత ఊరు పెరిగింది. ఉక్కు ఫ్యాక్టరీ లేచింది. మా సందులో సగం ఇళ్ళు గోడౌన్లయ్యాయి. హాలు పడగొట్టారు. మామ్మ, నర్సమ్మ, మావయ్య ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. వన్ టౌన్‌లో పాతవాళ్ళెవరైనా కనబడితే ఇప్పటికీ, "మీ నాన్న గొంతు! అబ్బ, వీధి అదిరిపోయేది కదమ్మా!" అంటారు. అవునంటాను. వాళ్ళకి గుర్తున్న గొంతు నాకూ గుర్తే.

కానీ నా చెవిలో మిగిలింది అది కాదు. ఆట వదిలాక ఇంటికొచ్చి, అన్నం తిని, అరుగుమీద అమ్మ పక్కన చాప వేసుకునేవాడు. అమ్మ ఏదో చెబుతూ ఉండేది, పొద్దున కుళాయి దగ్గర జరిగిందో, ఎప్పుడో ఉప్పుమళ్ళలో జరిగిందో. చెప్పి చెప్పి నిద్రలోకి జారిపోయేది. చీకట్లో నాన్న బొంగురుగా, నెమ్మదిగా అడిగేవాడు.

"ఊఁ... తర్వాతేటైంది?"